మాంద్యం నుంచి మెల్లగా కోలుకునేటప్పుడు ఏ లెక్క చూడాలి? ఎవరికి ఏది పనికొస్తుంది?

2010 జూన్ 4, శుక్రవారం. మే నెలలో అమెరికాలో 4,31,000 ఉద్యోగాలు పెరిగాయని అక్కడి కార్మిక గణాంకాల సంస్థ ప్రకటించింది. వినడానికి పండగ వార్తే. కానీ ఆ రోజు డౌ జోన్స్ షేర్ల సూచీ 300 పాయింట్లకు పైగా పడింది. పెరిగిన వాటిలో 4,11,000 జనాభా లెక్కల కోసం తీసుకున్న తాత్కాలిక కొలువులు. ప్రైవేటు రంగం కొత్తగా ఇచ్చినవి 41,000 మాత్రమే. (రెండూ కూడితే మొత్తాన్ని మించిపోతోందేమిటని లెక్క వేసేవారికి: రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలు అదే నెలలో మనుషుల్ని తగ్గించుకున్నాయి.)

పడిపోయేటప్పుడు ఈ చిక్కు ఉండదు. 2009 మొదటి మూడు నెలల్లో నెలకు 7, 8 లక్షల ఉద్యోగాలు పోతుంటే ఏ లెక్క చూసినా ఒకటే చెప్పింది. అసలు ఇబ్బంది ఆ తర్వాత మొదలైంది. నెలకు లక్ష, లక్షన్నర ఉద్యోగాలు పెరుగుతుంటే, ఆ సర్వేలో పొరపాటుకున్న అవకాశమే అటూ ఇటూ లక్ష. అంటే లెక్క ఎంతో, లెక్కలో తప్పు కూడా దాదాపు అంతే. అందుకే ఒక వారం ‘గాడిన పడింది’ అని, మరో వారం ‘మళ్లీ మాంద్యం’ అని శీర్షికలు వస్తాయి.

ఇక్కడ పోలికకు 2009–2014 నాటి అమెరికానే తీసుకుంటున్నాం. ఆ మాంద్యం 2007 డిసెంబర్‌లో మొదలై 2009 జూన్‌లో ముగిసింది. పోయిన ఉద్యోగాల సంఖ్య పాత స్థాయికి చేరడానికి మాత్రం 2014 మే వరకు పట్టింది. లెక్కలను పరీక్షించడానికి ఇంతకంటే మంచి అయిదేళ్లు దొరకవు. పైగా ఎంఎస్ చేసే పిల్లలు, హెచ్-1బీ ఉద్యోగులు, హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా క్లయింట్లకు పనిచేసేవాళ్లు ఉన్న ఇళ్లు మనకు తక్కువేం కాదు. 2020 కోవిడ్ పతనాన్ని దీనితో కలపకండి. అది రెండు నెలల మాంద్యం. పడిన తీరు, లేచిన తీరు రెండూ వేరు.

## ముందు ఈ నాలుగు ప్రశ్నలు

ఏ లెక్కనైనా నమ్మే ముందు అడగాల్సినవి ఇవి. ఎంత త్వరగా వస్తుంది? వచ్చాక ఎంత మారుతుంది? మలుపును ముందే చూపిస్తుందా, అంతా అయ్యాక చెబుతుందా? నాలుగోది అన్నిటికంటే ముఖ్యం: మీరు తీసుకోబోయే నిర్ణయానికి, అది కొలిచే విషయానికి సంబంధం ఉందా?

మొదటి రెండూ ఒకదానితో ఒకటి పడవు. త్వరగా వచ్చే లెక్క తరచూ మారుతుంది. మారని లెక్క ఆలస్యంగా వస్తుంది, లేదంటే చాలా చిన్న విషయాన్ని కొలుస్తుంది. మాంద్యం తేదీలను అధికారికంగా తేల్చే ఎన్‌బీఈఆర్ కమిటీనే చూడండి. 2009 జూన్‌లో మాంద్యం ముగిసిందని 2010 సెప్టెంబర్ 20న ప్రకటించింది. చరిత్ర రాసేవారికి అది కావాలి. ఇల్లు కొనేవారికి ఎందుకు?

| లెక్క | ఎప్పుడు వస్తుంది | తర్వాత మార్పు | అప్పట్లో మలుపు |
|---|---|---|---|
| జీడీపీ | త్రైమాసికం ముగిసిన సుమారు నెలకు | చాలా ఎక్కువ | 2009 మూడో త్రైమాసికం |
| నిరుద్యోగ రేటు | సాధారణంగా నెలలో తొలి శుక్రవారం | దాదాపు ఉండదు | 2009 అక్టోబర్‌లో 10 శాతం, తర్వాత దిగుదల |
| పేరోల్ ఉద్యోగాలు (జీతాల పట్టీల లెక్క) | అదే శుక్రవారం | ఎక్కువ | 2010 మార్చి నుంచి పెరుగుదల |
| నిరుద్యోగ భృతి క్లెయిమ్‌లు | ప్రతి గురువారం | కొద్దిగా | 2009 మార్చిలో శిఖరం |
| ఐఎస్ఎం తయారీ సూచీ (ఫ్యాక్టరీల కొనుగోలు మేనేజర్ల సర్వే) | నెల మొదటి పనిదినం | దాదాపు ఉండదు | 2009 ఆగస్టులో 50 దాటింది |
| జోల్ట్స్ (ఖాళీలు, చేరికలు) | నెల ముగిశాక అయిదారు వారాలకు | మోస్తరు | 2009 జులై అడుగు, తర్వాత నత్తనడక |
| కేస్–షిల్లర్ ఇళ్ల ధరలు | రెండు నెలలు ఆలస్యం | కొద్దిగా | 2012 ఆరంభం |

చివరి నిలువు వరుసను పైనుంచి కిందికి చదవండి. ఒకే కోలుకోవడం క్లెయిమ్‌లలో 2009 మార్చిలో కనిపించింది, ఇళ్ల ధరల్లో 2012లో. ‘ఆర్థిక వ్యవస్థ బాగుపడిందా?’ అన్న ప్రశ్నకు ఒక్క తేదీతో జవాబు రాదు.

## జీడీపీ: పెద్ద పేరు, చిన్న ఉపయోగం

2008 చివరి త్రైమాసికంలో అమెరికా జీడీపీ 3.8 శాతం పడిందని 2009 జనవరిలో తొలి అంచనా వచ్చింది. 2011 జులైలో దాన్ని సవరించి 8.9 శాతం అన్నారు. ఆ సవరణలోనే 2011 తొలి త్రైమాసికం వృద్ధి 1.9 నుంచి 0.4కు పడింది. అంటే మూడు నెలల పాటు జనం వాదించుకున్న అంకెలో మిగిలింది అయిదో వంతు. ఎవరో దాచిపెట్టారని కాదు. తొలి అంచనా వేసే రోజుకు మూడో నెల వాణిజ్యం, నిల్వల వివరాలు పూర్తిగా చేతికి రావు. వాటిని ఊహించి వేస్తారు.

మనవాళ్లు తరచూ బోల్తా పడేది ఇంకోచోట. అమెరికా త్రైమాసిక వృద్ధిని ఏడాది వేగానికి లెక్కగట్టి చెబుతుంది. మూడు నెలల్లో 0.5 శాతం పెరిగితే శీర్షికలో 2 శాతం అని వస్తుంది. మన దేశంలో నిరుటి అదే త్రైమాసికంతో పోల్చి చెబుతారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ‘వాళ్లది 2, మనది 7’ అనడం కిలోలను శేర్లతో పోల్చినట్టే.

జీడీపీ చూడక తప్పకపోతే నిల్వల వాటా తీసేసి చూడండి. 2009 చివరి త్రైమాసికానికి తొలి అంచనా 5.7 శాతం వృద్ధి. అందులో సుమారు 3.4 పాయింట్లు గోదాముల్లో సరుకు ఖాళీ చేసే వేగం తగ్గడం వల్ల వచ్చినవే. జనం కొనడం వల్ల కాదు. అలాంటి ఊపు ఒకటి రెండు త్రైమాసికాలకు మించి నిలవదు, అప్పుడూ నిలవలేదు.

## నిరుద్యోగ రేటు: మారని అంకె, మారే అర్థం

సుమారు 60,000 ఇళ్లను అడిగి వేసే లెక్క ఇది. ఏడాదికోసారి చేసే సీజన్ సర్దుబాటు (ఏటా వచ్చే పండగ, వాతావరణ హెచ్చుతగ్గులను లెక్కలోంచి తీసేయడం) తప్ప పెద్దగా సవరణలు ఉండవు. అందుకే నమ్మకంగా కనిపిస్తుంది. కానీ నిరుద్యోగి అనిపించుకోవాలంటే గత నాలుగు వారాల్లో ఉద్యోగం కోసం ప్రయత్నించి ఉండాలి. విసిగిపోయి వెతకడం మానేస్తే లెక్కలోంచే పోతారు. ఉద్యోగం రాకపోయినా రేటు తగ్గుతుంది.

2013 డిసెంబర్ నెల రిపోర్టు దీనికి మంచి నమూనా. రేటు 7.0 నుంచి 6.7కు దిగింది. అదే రోజు వచ్చిన తొలి లెక్క ప్రకారం పెరిగిన ఉద్యోగాలు 74,000 మాత్రమే. శ్రామిక శక్తిలోంచి తప్పుకున్నవారు 3,47,000. రేటు తగ్గడంలో కొత్త కొలువుల కంటే ఆశ వదులుకోవడం, రిటైర్ కావడం, చదువుకు వెళ్లిపోవడం ఎక్కువ పనిచేశాయి.

అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ కూడా ఈ అంకెతో ఇరుక్కుంది. నిరుద్యోగ రేటు 6.5 శాతం కంటే ఎక్కువగా ఉన్నంతకాలం, ద్రవ్యోల్బణం అంచనా 2.5 దాటనంతకాలం వడ్డీ పెంచబోమని 2012 డిసెంబర్‌లో గీత గీసింది. రేటు అనుకున్నదానికంటే ముందే గీత దగ్గరికి వచ్చేసింది. ఉద్యోగ మార్కెట్ మాత్రం రాలేదు. 2014 మార్చిలో ఆ గీతనే చెరిపేశారు. వడ్డీ పెరిగింది 2015 డిసెంబర్‌లో.

దీని బదులు 25–54 ఏళ్లవారిలో ఎంతమంది పనిలో ఉన్నారన్న నిష్పత్తి చూడటం మేలు. కాలేజీ పిల్లలూ రిటైరైనవాళ్లూ అందులో ఉండరు కాబట్టి వెతకడం మానేసిన గొడవ చాలావరకు తప్పుతుంది. మాంద్యానికి ముందు అది సుమారు 80 శాతం. 2009 చివరికి 75కు దిగి రెండేళ్ల పాటు కదల్లేదు. అదే సమయంలో నిరుద్యోగ రేటు 10 నుంచి 9 దిగువకు వచ్చింది. ఆ రెండేళ్ల అనుభవానికి ఏ అంకె దగ్గరగా ఉందో వేరే చెప్పక్కర్లేదు.

## పేరోల్: చదవడం వస్తే మంచిది

కంపెనీల జీతాల పట్టీల నుంచి తీసే లెక్క. నెలలో 12వ తేదీ ఉన్న జీతపు వ్యవధిలో పట్టీలో ఉన్నవారిని లెక్కిస్తారు. ఆ వ్యవధి మొత్తం జీతం లేకుండా గడిపినవారు ‘ఉద్యోగం లేనట్టే’. మంచు తుపాను, సమ్మె సరిగ్గా అప్పుడే పడితే అంకె వంకరపోతుంది.

2011 ఆగస్టు రిపోర్టులో కొత్త ఉద్యోగాలు సున్నా. సరిగ్గా సున్నా. అమెరికా ప్రభుత్వ రుణ రేటింగ్ కోత, అప్పుల పరిమితి గొడవ తాజాగా ఉన్న రోజులు కావడంతో రెండో మాంద్యం వచ్చేసిందనే మాట మార్మోగింది. నిజానికి ఆ నెల టెలికాం కంపెనీ వెరైజన్‌లో సుమారు 45,000 మంది సమ్మెలో ఉన్నారు. వాళ్లంతా పట్టీలో లేరు. తర్వాతి నెల సవరణలో సున్నా 57,000 అయింది, ఆ పై నెల 1,04,000. సున్నాను చూసి షేర్లు అమ్ముకున్నవారికి మాత్రం ఆ సవరణ రాలేదు.

సీజన్ సర్దుబాటు ఇంకో సంగతి. పండగ సీజన్ ముగిశాక ప్రతి జనవరిలో సర్దుబాటు చేయని లెక్కలో 25 లక్షలకు పైగా ఉద్యోగాలు తగ్గుతాయి. దాన్ని తీసేశాకే ‘జనవరిలో లక్ష పెరిగాయి’ అని వస్తుంది. అంటే సర్దుబాటు అసలు అంకెకు పాతిక రెట్లు. 2008 చలికాలపు పతనాన్ని ఫార్ములా కొంత ‘మామూలు చలికాలం’గా నేర్చుకుందని, అందుకే తర్వాతి ఏళ్లలో చలికాలాలు మెరుగ్గా, వేసవులు నీరసంగా కనిపించాయని చాలామంది విశ్లేషకులు అనుమానించారు. 2010, 2011, 2012 మూడేళ్లూ వసంతం దాటాక ‘మళ్లీ మందగించింది’ అన్న వార్తలే.

శుక్రవారం రిపోర్టు రాగానే ఈ వరుసలో చదవండి. భారత సమయం ప్రకారం వేసవిలో సాయంత్రం 6 గంటలకు, చలికాలంలో 7 గంటలకు వస్తుంది.

1. ముందు గత రెండు నెలల సవరణ చూడండి. కొత్త అంకె +1.2 లక్షలు, సవరణలు −80,000 అయితే మీ చేతికి వచ్చింది 40,000.
2. మొత్తం కాదు, ప్రైవేటు రంగం వరుస చూడండి.
3. మూడు నెలల సగటు తీయండి. ఆ రోజుల్లో జనాభా పెరుగుదలకు సరిపోవాలంటేనే నెలకు సుమారు లక్ష ఉద్యోగాలు కావాలి. సగటు దానికి కాస్త పైన ఉందంటే గుంత పూడుతోంది కానీ చాలా నెమ్మదిగా.
4. తాత్కాలిక సిబ్బంది ఏజెన్సీల వరుస, వారానికి సగటు పనిగంటలు చూడండి. యజమాని ముందు ఉన్నవారితో ఎక్కువ గంటలు చేయిస్తాడు, తర్వాత తాత్కాలికంగా తీసుకుంటాడు, చివరికి పర్మనెంట్ చేస్తాడు. 2009 శరదృతువులోనే తాత్కాలిక ఉద్యోగాలు పెరగడం మొదలైంది. మొత్తం ఉద్యోగాలు మరో అయిదారు నెలలు పడుతూనే ఉన్నాయి.

ఏడాదికోసారి పన్ను రికార్డులతో సరిపోల్చి లెక్కంతా సరిదిద్దుతారు. 2009 మార్చి నాటి ఉద్యోగాలు ముందు చెప్పినదానికంటే సుమారు 9 లక్షలు తక్కువని అలాగే తేలింది. కొత్త కంపెనీలు పుట్టడాన్ని, పాతవి మూతపడటాన్ని సంస్థ నమూనాతో ఊహిస్తుంది. మలుపుల దగ్గర ఆ ఊహే తప్పుతుంది.

## క్లెయిమ్‌లు: వేగానికి ఇదే

భృతి కోసం కొత్తగా దరఖాస్తు పెట్టినవారి సంఖ్య ఇది. సర్వే కాదు, నిజంగా వచ్చిన దరఖాస్తుల లెక్క. 2009 మార్చిలో వారానికి 6.6 లక్షల దగ్గర శిఖరం తాకి దిగింది, మూడు నెలల్లో మాంద్యం ముగిసింది. మలుపును ముందే పట్టుకోవడంలో దీన్ని మించింది లేదని మా అభిప్రాయం.

ఒక్క వారం అంకెకు మాత్రం విలువ ఇవ్వకండి, నాలుగు వారాల సగటే చూడండి. జులైలో కార్ల ఫ్యాక్టరీలు కొత్త మోడల్ కోసం మూసే వారం, థాంక్స్‌గివింగ్ వారం ఎప్పుడూ గజిబిజే. 2012 నవంబర్‌లో శాండీ తుపాను దెబ్బకు ఒక్క వారంలో 4.39 లక్షలకు ఎగిసింది. 2013 సెప్టెంబర్‌లో రెండు రాష్ట్రాలు కంప్యూటర్ వ్యవస్థ మార్చుకుంటూ దరఖాస్తులు ఎక్కించలేకపోతే 2.92 లక్షలకు పడింది. ఉద్యోగాలు ఊడటం ఆగిపోలేదు, సర్వర్ ఆగింది.

ఇక దీని పెద్ద లోపం. ఇది ఉద్యోగాలు ఊడటాన్ని చెబుతుంది, దొరకడాన్ని చెప్పదు. 2011లో క్లెయిమ్‌లు 4 లక్షల దిగువకు వచ్చాయి. ఉన్న ఉద్యోగం భద్రంగానే ఉంది, కానీ బయట ఉన్నవారికి తలుపు తెరుచుకోలేదు. ఇంతకుముందు పనిచేయని కొత్త గ్రాడ్యుయేట్‌కు భృతి అర్హతే ఉండదు, కాబట్టి ఈ లెక్కలో ఆ పిల్లవాడు లేనే లేడు.

ఆ ఖాళీని పూరించేది జోల్ట్స్, అంటే ఉద్యోగ ఖాళీలు, చేరికలు, మానేయడాల మీద నెలనెలా వచ్చే సర్వే. 2009 మధ్యలో ఒక్కో ఖాళీకి ఆరుగురికి పైగా నిరుద్యోగులు ఉన్నారు. మాంద్యానికి ముందు ఇద్దరికి కాస్త అటూ ఇటూ. అందులో ‘తమంతట తాము మానేసినవారు’ అనే వరుస మరీ విలువైనది. వేరే చోట దొరుకుతుందన్న ధీమా ఉంటేనే మనిషి ఉన్నది వదులుతాడు. ఆలస్యంగా వస్తుందనే ఒక్క కారణంతో దీన్ని పక్కన పెట్టేయడం తప్పు.

## మిగిలినవి క్లుప్తంగా

ఐఎస్ఎం సూచీ 50 దాటిందంటే, గత నెల కంటే మెరుగైందన్న మేనేజర్లు దిగజారిందన్నవారి కంటే ఎక్కువని. ఎంత మెరుగైందో అది చెప్పదు. లోతైన గుంతలోంచి ఒక్క మెట్టెక్కినా 50 దాటుతుంది. 2009 ఆగస్టులో 52.9 వచ్చింది, ఉద్యోగాలు 2010 ఫిబ్రవరి దాకా పోతూనే ఉన్నాయి.

వినియోగదారుల విశ్వాస సూచీలను వదిలేయొచ్చు. 2011 ఆగస్టులో మిషిగన్ యూనివర్సిటీ సూచీ 55.7కు కూలింది. సెప్టెంబర్ చివర్లో ఈసీఆర్ఐ అనే పరిశోధన సంస్థ మాంద్యం తప్పదని తేల్చింది. అది రాలేదు. జనం మూడ్ పెట్రోలు ధరకూ టీవీ చర్చలకూ ముందు కదులుతుంది, పర్సు తర్వాత కదులుతుంది.

మనవాళ్లకే పట్టే కొలత ఒకటుంది. హెచ్-1బీ సాధారణ కోటా 65,000 ఎన్ని రోజుల్లో నిండిందన్నది.

| దరఖాస్తులు మొదలైంది | కోటా నిండింది |
|---|---|
| 2008 ఏప్రిల్ | తొలి వారంలోనే |
| 2009 ఏప్రిల్ | 2009 డిసెంబర్ 21 |
| 2010 ఏప్రిల్ | 2011 జనవరి 26 |
| 2011 ఏప్రిల్ | 2011 నవంబర్ 22 |
| 2012 ఏప్రిల్ | 2012 జూన్ 11 |
| 2013 ఏప్రిల్ | తొలి వారంలోనే |

జీడీపీ 2009లోనే లేచింది. ఐటీలో విదేశీ నియామకాలు 2012కు గానీ లేవలేదు. అయితే ఈ కొలత ఇప్పుడు పనిచేయదు. 2013 తర్వాత కోటా ఏటా మొదట్లోనే మించిపోతోంది. గిన్నె నిండాక ఎంత పోసినా కొలత అక్కడే ఉంటుంది.

## ఎవరు దేన్ని పట్టుకోవాలి

ఎంఎస్ ముగించబోయే విద్యార్థి, అప్పు తీసుకున్న తల్లిదండ్రులు. క్లెయిమ్‌లు, జీడీపీ మీకు దాదాపు అనవసరం. జోల్ట్స్‌లో చేరికల రేటు, మానేసేవారి రేటు, పేరోల్ పట్టికలో ‘కంప్యూటర్ సిస్టమ్స్ డిజైన్’ వరుస, ఈ మూడూ చూడండి. మొత్తం నిరుద్యోగం 10 శాతం ఉన్నప్పుడు కూడా 25 ఏళ్లు దాటిన డిగ్రీవాళ్లలో అది సుమారు 5 శాతమే. కాబట్టి శీర్షికను చూసి బెదరక్కర్లేదు. అలాగని ఆ 5ను చూసి ధీమా పడకండి, అందులో అనుభవం ఉన్నవాళ్లే ఎక్కువ. చేరికలు నీరసంగా ఉంటే ఒక పని మీ చేతిలో ఉంది. ఓపీటీలో (చదువు ముగిశాక పనిచేయడానికి విద్యార్థులకు ఇచ్చే అనుమతి) 90 రోజుల నిరుద్యోగ గడువు ఈఏడీ అనే పని అనుమతి కార్డు మీది ప్రారంభ తేదీ నుంచి నడుస్తుంది. కోర్సు ముగిశాక 60 రోజుల లోపు ఏ తేదీ అయినా అడగొచ్చు. ఆఫర్ చేతిలో లేకపోతే తేదీ ఆలస్యంగా పెట్టుకుంటే వెతకడానికి సమయం కలిసొస్తుంది. దరఖాస్తుకు ముందు కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి డీఎస్ఓతో ఒకసారి సరిచూసుకోండి.

హెచ్-1బీ మీద ఉద్యోగంలో ఉన్నవారు. మీ భయం లేఆఫ్, కాబట్టి క్లెయిమ్‌ల నాలుగు వారాల సగటే మీ లెక్క. దానికి తోడు మీ రాష్ట్ర కార్మిక శాఖ సైట్‌లో వార్న్ నోటీసులు చూస్తుండండి. 100 మంది లేదా అంతకు మించి ఉన్న కంపెనీ పెద్ద ఎత్తున తీసేయాలంటే సాధారణంగా 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. జాతీయ సగటులో కలిసిపోయే వార్త అక్కడ కంపెనీ పేరుతో కనిపిస్తుంది. ఉద్యోగం మారాలనుకుంటే మాత్రం క్లెయిమ్‌లు కాదు, జోల్ట్స్.

ఇల్లు కొనాలనుకునేవారు. మే చివర్లో వచ్చే కేస్–షిల్లర్ అంకె జనవరి–మార్చి సగటు. జనవరిలో రిజిస్టరైన ఇంటికి బేరం కుదిరింది నవంబర్, డిసెంబర్‌లో. అంటే ఆరు నెలల నాటి ధర మీద మీరు ఇవాళ బేరమాడుతున్నారు. అమ్మకాల లెక్కలో ప్రభుత్వ రాయితీల ప్రభావం కూడా చూసుకోండి. 8,000 డాలర్ల పన్ను రాయితీ గడువు 2010 ఏప్రిల్‌లో తీరగానే, జులైలో పాత ఇళ్ల అమ్మకాలు ఒక్క నెలలో 27 శాతం పడ్డాయి. మీ పేటలో అమ్మకానికున్న ఇళ్లు ఎన్ని నెలల అమ్మకానికి సరిపోతాయన్నదే వీటన్నిటికంటే పనికొచ్చే అంకె.

షేర్లు, 401కే (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) ఉన్నవారు. నిరుద్యోగం తగ్గాక పెడదామనుకుంటే రైలు వెళ్లిపోతుంది. ఎస్ అండ్ పీ 500 సూచీ 2009 మార్చి 9న 676 దగ్గర అడుగు తాకింది. నిరుద్యోగ రేటు శిఖరానికి చేరిన అక్టోబర్ నాటికే 50 శాతానికి పైగా లేచింది. క్లెయిమ్‌లు, ఐఎస్ఎం రెండూ కలిపి చూడండి. నెల నెలా కొంత పెట్టేవారైతే ఏదీ చూడకపోయినా నష్టం లేదు.

హైదరాబాద్, వైజాగ్‌లో అమెరికా ప్రాజెక్టులు చేసేవారు. జీడీపీ పట్టిక నిజంగా పనికొచ్చేది మీకే. కాకపోతే శీర్షిక కాదు, లోపలి వరుస: పరికరాలు, సాఫ్ట్‌వేర్ మీద కంపెనీల పెట్టుబడి. కంపెనీలు మనుషుల్ని తీసుకోవడానికి జంకినా యంత్రాల మీద, సాఫ్ట్‌వేర్ మీద ముందే ఖర్చు మొదలుపెట్టాయి. 2009 చివరి నుంచే ఆ వరుస లేచింది, నిర్మాణ రంగం ఇంకా అడుగునే ఉంది. క్లయింట్ బడ్జెట్లు జనవరిలో తెరుచుకుంటాయి కాబట్టి అక్టోబర్ చివర్లో వచ్చే మూడో త్రైమాసికం పట్టికను జాగ్రత్తగా చూడండి. ప్రభుత్వ షట్‌డౌన్ వస్తే ఆ తేదీ జరగొచ్చు. 2013లో సెప్టెంబర్ ఉద్యోగాల రిపోర్టు అలాగే అక్టోబర్ 22 దాకా రాలేదు. క్లెయిమ్‌లు మాత్రం రాష్ట్రాల నుంచి వస్తాయి కాబట్టి అప్పుడు కూడా ఆగలేదు.